‘శివ’ రీరికార్డింగ్ ఎక్కడ అమ్ముతారు?

2025 నవంబర్ 14న ‘శివ’ మళ్లీ థియేటర్లకి వచ్చింది. 4కె బొమ్మ, డాల్బీ అట్మాస్ సౌండు. 1989లో మోనోలో విడుదలైన సినిమా అది. అంటే మాటలు, చప్పుళ్లు, ఇళయరాజా సంగీతం అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు ఏఐ సాయంతో వాటిని విడదీసి హాలంతా పరిచారు. పని బాగుంది. పాపని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శివ సందుల్లో పడి పారిపోయే చోట నేనూ అందరితో పాటు ఈల వేశాను. ఇంటికొచ్చాక మాత్రం చిరాకేసింది.

పప్పన్నం కలిపేశాక పప్పుని మళ్లీ వేరుచేసే యంత్రం దొరికిందని సంబరపడుతున్నాం. పప్పు గిన్నె ఏమైందని ఎవరూ అడగట్లేదు.

ఎందుకంటే ఆ సంగీతం విడిగానే పుట్టింది. రీలు చూడటం, స్వరాలు రాయడం, వాయించేవాళ్ల ముందు కాగితాలు పెట్టడం, తెర మీద బొమ్మ నడుస్తుండగా రికార్డు చేయడం. ఫిల్మ్ నగర్ ఆర్.ఆర్. అని పిలిచేది దీన్నే. మాటలతో కలపడం తర్వాతి పని. అంటే కొన్నాళ్లపాటైనా సంగీతం మాత్రమే ఉన్న టేపు ఒకటి ఎక్కడో ఉంటుంది. దాని గతేమిటన్నదే నా గొడవ.

ఒక పాత సినిమా నేపథ్య సంగీతం విడిగా వేస్తారా అని ఓ ఆడియో కంపెనీకి మెయిల్ రాశాను. “సాంగ్స్ అన్నీ యాప్‌లో ఉన్నాయి సర్” అని జవాబొచ్చింది. ఫిల్మ్ నగర్‌లో మిక్సింగ్ పని చేసే తమ్ముడొకణ్ణి అడిగితే ఇంకా సూటిగా చెప్పాడు: “ఫైనల్ మిక్స్ ఇచ్చేశాక ఆ డిస్కులో వేరే సినిమా ఎక్కుతుంది అన్నా.” మా ఆఫీసులో ఎవడూ చదవని సర్వర్ లాగుల్ని ఏళ్ల తరబడి, మూడేసి కాపీలు చేసి మరీ దాస్తాం. నలభైమంది కూర్చుని వాయించిన వయొలిన్లకి ఆ మర్యాద కూడా లేదు.

“ఎవరు కొంటారండీ?” అంటారు. అమెరికాలో లా-లా ల్యాండ్ రికార్డ్స్, ఇంట్రాడా లాంటి చిన్న కంపెనీలు బతుకుతున్నదే దీని మీద. పాత సినిమా స్కోరుని సెషన్ టేపుల నుంచి మొత్తంగా తీసి, వాడని ముక్కలు కూడా చేర్చి, వ్యాసంతో ఉన్న బుక్‌లెట్ జతచేసి, మూడు వేలో అయిదు వేలో కాపీలు వేస్తారు. అక్కడా ఇది తేలిగ్గా రాలేదు. తొంభైల్లో స్కోరుని ఆల్బంగా వేస్తే వాయిద్యకారుల యూనియన్‌కి మళ్లీ ఫీజు కట్టాల్సి వచ్చేది. అందుకే చాలా ఆల్బంలు అరగంట దగ్గరే ఆగిపోయేవి. తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు, దారి తెరుచుకుంది. 2008లో సూపర్‌మ్యాన్ సినిమాల సంగీతం 8 సీడీల పెట్టెగా వచ్చింది.

ఇక్కడా కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లే లేరు. 5.1లో వచ్చిన సినిమా అయితే మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్లో ఉంటాయి కాబట్టి, దాన్ని తీసేసి మిగతా ఛానెళ్లలోంచి బీజీఎం పిండుకునే కుర్రాళ్లు నాకు తెలుసు. రాత్రి రెండింటి దాకా కూర్చుని చేస్తారు, పైసా రాదు. కంపెనీలు వదిలేది మాత్రం హీరో నడిచొచ్చే నలభై సెకన్ల బిట్టు. దాని మీద కూడా డైలాగు ఉంటుంది.

“బొమ్మ లేకుండా ఆ సంగీతానికి ఉనికేముంది?” అనేది కాస్త పెద్దమనుషుల వాదన. ఇందులో కొంత నిజముంది. ‘బాహుబలి’ నేపథ్య సంగీతం సంపుటాలుగా బయటికొచ్చినప్పుడు వరుసపెట్టి విన్నాను. కొన్ని ముక్కలు మొదలయ్యేలోపే అయిపోతాయి. కొన్ని ఒట్టి చప్పుడు. కానీ ఒక చిన్న స్వరాల గుంపు ఒక పాత్రని పట్టుకుని సినిమా అంతా ఎలా తిరిగిందో, ఎక్కడ దాని వేగం తగ్గిందో, ఎక్కడ వాయిద్యం మారిందో థియేటర్లో నాకు పట్టుబడలేదు. విడిగా విన్నాకే తెలిసింది. ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చుకోవాలన్నా ముందు మా చేతికివ్వాలి కదా?

అసలు నష్టం ఇక్కడే ఉంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు భాగాల పూర్తి రికార్డింగులు 2005 నుంచి 2007 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. 2010లో డగ్ ఆడమ్స్ ఆ సంగీతం మీద ఒక లావుపాటి పుస్తకమే వేశాడు. మనవాళ్లు సినిమా సంగీతం మీద రాసే వ్యాసాలు తీసి చూడండి. తొంభై శాతం పాట సాహిత్యం మీదే ఉంటాయి. చరణంలో శ్లేష ఎక్కడుందో చెబుతాం, ఇంటర్వల్ ముందు చెల్లోలు ఏం చేస్తున్నాయో చెప్పలేం. మనకి చెవులు లేక కాదు, పాఠం చేతిలో లేక. అచ్చుకాని నవల మీద సమీక్ష ఎవరు రాస్తారు?

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా ‘వేలియంట్’ సింఫనీని రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. మనవాడని మనం కూడా పొంగిపోయాం, పొంగిపోవాల్సిందే. మరి ఆయన తెలుగు సినిమాలకి రాసిన ఆర్కెస్ట్రా సంగీతం మాటేమిటి? ‘గీతాంజలి’, ‘శివ’, ‘ఆదిత్య 369’. తెలుగునేల మీద ఆర్కెస్ట్రా కోసం రాసిన సంగీతం దాదాపు అంతా రీరికార్డింగుల్లోనే ఉంది. మనకి వేరే సింఫనీ సంప్రదాయం లేదు. ఉన్న ఒక్కదాన్నీ మాటల కింద, ఫైటు చప్పుళ్ల కింద పాతిపెట్టుకున్నాం.

ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. కొత్త సినిమాలకైతే ఆడియో ఒప్పందంలో పాటలతో పాటు రీరికార్డింగ్ మొత్తాన్ని విడుదల చేయాలని ఒక్క వాక్యం రాసుకోవాలి. స్టెమ్స్ రెండు చోట్ల దాచాలి. జూబ్లీహిల్స్‌లో ఒక సక్సెస్ పార్టీకి తెచ్చే పూల ఖర్చు సరిపోతుంది. పాతవాటికి వెతుకులాట తప్పదు. నెగెటివ్ కోసం వెతికే నిర్మాతలు పనిలో పనిగా సంగీతం టేపు కోసం కూడా ఒక బీరువా తెరవచ్చు.

మొన్న నేనూ ఆ సైకిల్ ఛేజ్‌ని ఒక ఉచిత ఏఐ పనిముట్టులో వేసి సంగీతం విడదీశాను. బాగానే వచ్చింది. మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లలో మునిగినట్టు ఎవరో అరుస్తారు. ఎన్నిసార్లు చేసినా ఆ గొంతు పోవట్లేదు.