వాదమా? వితండమా?

మానవుడు స్వభావతః జిజ్ఞాసువు. తెలియనిదాన్ని తెలుసుకోవాలనే తపన అతని నాగరికతకు మూలం. అయితే తెలుసుకోవడం వేరు, నమ్మడం వేరు. భూమి ఏ ఆకారంలో ఉందని అడిగితే నేటి విద్యార్థి తడుముకోకుండా గుండ్రంగా ఉందంటాడు. ఎలా తెలుసునని మరొక ప్రశ్న వేస్తే పాఠ్యపుస్తకంలో ఉందంటాడు. సమాధానం సరైనదే. కాని అది తెలిసి చెప్పిన సమాధానం కాదు, విని చెప్పిన సమాధానం. భూమి బల్లపరుపుగా ఉందని వాదించే వ్యక్తి ఎదురుపడి నాలుగు ప్రశ్నలు గుప్పిస్తే ఆ విద్యార్థికి నవ్వడం తప్ప మరో మార్గం ఉండదు. నవ్వు రుజువు కాదు.

సత్యాన్ని నిర్ణయించే సాధనాన్ని మన పూర్వులు ‘ప్రమాణం’ అన్నారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు. కొండమీద పొగను చూసి నిప్పు ఉందని గ్రహించడం వంటి హేతుబద్ధమైన ఊహ. పదిహేడవ శతాబ్దిలో అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ ఈ విషయాలను తేలికగా బోధించే గ్రంథంగా నేటికీ పఠనీయం. న్యాయసూత్రాలు మరొక మెలకువ కూడా నేర్పాయి. ఇద్దరు కూర్చుని చర్చించడంలో మూడు విధాలున్నాయి. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షాన్నీ నిలబెట్టక ఎదుటివాని పక్షాన్ని ఖండించడంతోనే తృప్తిపడేది వితండం. భూమి ఆకారాన్ని గురించి జరిగిన చర్చల చరిత్రలో ఈ మూడూ కనిపిస్తాయి.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. భూమి బల్లపరుపుగా ఉందనుకోవడం మూర్ఖత్వం కాదు. కంటికి కనిపించేది అదే. గోదావరి ఒడ్డున నిలిచినా, రాయలసీమ మైదానంలో నిలిచినా నేల చదునుగానే తోస్తుంది. 1150లో ‘సిద్ధాంత శిరోమణి’ని రచించిన భాస్కరాచార్యుడు ఈ సందేహాన్ని తోసిపుచ్చక సమాధానం చెప్పాడు. వృత్తపు చుట్టుకొలతలో నూరవ వంతు దాదాపు సరళరేఖలాగే కనిపిస్తుంది. భూగోళం అతి పెద్దది, మానవుడు అతి చిన్నవాడు, కనుక అతనికి గోచరించే భాగం చదునుగా తోస్తుందన్నాడు. ఆయనకు పూర్వుడైన లల్లుడు ఎదురు ప్రశ్న వేశాడు. భూమి సమతలమే అయితే తాటిచెట్లవంటి ఎత్తైన వృక్షాలు దూరం నుంచి ఎందుకు కనిపించవు? ప్రత్యక్షం అబద్ధం చెప్పదు. కాని ఒక్క చోట నిలిచి చూసిన ప్రత్యక్షం పూర్తి సత్యమూ చెప్పదు. అనుమానం తోడు కావలసింది అక్కడే.

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో జరిగిన ఒక ఉదంతం ఈ సందర్భంలో స్మరణీయం. ఆ దేశపు తూర్పు ప్రాంతంలో ఓల్డ్ బెడ్‌ఫర్డ్ అనే కాలువ సుమారు 6 మైళ్ళ మేర సూటిగా సాగుతుంది. 1838లో శామ్యూల్ రోబాతమ్ అనే వ్యక్తి ఆ కాలువలోకి దిగి, నీటిమట్టానికి 8 అంగుళాల ఎత్తున దూరదర్శినిని ఉంచి, జెండా కట్టిన పడవ దూరంగా వెళ్ళడాన్ని పరిశీలించాడు. భూమి గోళమైతే 6 మైళ్ళ దూరంలో ఆ పడవ నీటి వంపు వెనుక మరుగుపడాలి. తనకు చివరిదాకా కనిపించిందని అతడు ప్రకటించాడు. కనుక భూమి సమతలమని తీర్మానించి, ‘పారలాక్స్’ అనే కలంపేరుతో గ్రంథం రాశాడు. అతడు అబద్ధమాడాడని అనుకోనక్కరలేదు. చల్లని నీటిని ఆనుకున్న గాలి పొరల్లో కాంతి కిందికి వంగి ప్రయాణిస్తుంది. నీటికి అంత దగ్గరగా కన్ను ఉంచినప్పుడు వంపు చాటున ఉన్న వస్తువు కూడా కనిపించే అవకాశం ఉంది. అతని కన్ను తప్పు చేయలేదు. ఫలితాన్ని తారుమారు చేయగల మరో కారణం ఉందేమోనని విచారించకపోవడమే అతని దోషం.

రోబాతమ్ శిష్యులలో జాన్ హాంప్‌డెన్ ఒకడు. నీటిలో వంపు ఉందని నిరూపించినవారికి 500 పౌన్లు ఇస్తానని 1870లో అతడు సవాలు విసిరాడు. డార్విన్‌తో పాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆ పందెం అంగీకరించాడు. యౌవనంలో భూమి కొలతల పని చేసినవాడు కనుక పరీక్ష ఎలా జరపాలో ఆయనకు తెలుసు. కాలువకు ఒక కొసన ఉన్న వంతెనపై నీటికి సుమారు 13 అడుగుల ఎత్తున దూరదర్శినిని అమర్చాడు. రెండవ కొసన ఉన్న వంతెనకు అదే ఎత్తున నల్లని పట్టీ గల తెల్లని గుడ్డ కట్టించాడు. సరిగ్గా నడుమ ఒక స్తంభం నాటించి, అదే ఎత్తున ఎర్రని బిళ్ళను, దానికి 4 అడుగుల కిందుగా మరొక బిళ్ళను బిగించాడు. నీరు సమతలమైతే పై బిళ్ళ, నల్లపట్టీ ఒకే వరుసలో కనిపించాలి. నీరు వంపు తిరిగి ఉంటే నడిమి బిళ్ళ ఎత్తుగా కనిపించాలి. లెక్కప్రకారం ఆ ఎత్తు 6 అడుగులు. గాలిలో కాంతి వంగడాన్ని మినహాయించినా 5 అడుగుల దాకా ఉండాలి.

ఈ పరీక్షలోని సౌందర్యం గమనించదగినది. కన్నును నీటికి దూరంగా పైకి ఎత్తడంతో గాలి చేసే మోసం తగ్గిపోయింది. చూపు మూడు బిందువులను సరిపోల్చుతున్నది కనుక ఊహలకు చోటు లేదు. ఏది కనిపిస్తే ఎవరు ఓడినట్లో ముందే తేలిపోయింది. 1870 మార్చి 5న పరిశీలకులు చూడగా నడిమి బిళ్ళ స్పష్టంగా పైన కనిపించింది. మధ్యవర్తిగా ఉన్న ‘ఫీల్డ్’ పత్రిక సంపాదకుడు వాల్ష్ పందెం వాలెస్‌దేనని తీర్పు చెప్పాడు.

హాంప్‌డెన్ దూరదర్శినిలో చూడడానికే నిరాకరించాడు. తన తరఫు పరిశీలకుడైన కార్పెంటర్ మాట తనకు చాలునన్నాడు. ఆ కార్పెంటర్ అదే దృశ్యాన్ని చూసి, అదే చిత్రాన్ని గీసి, అది సమతలానికే సాక్ష్యమన్నాడు! ఆపైన హాంప్‌డెన్ ఏళ్ళ తరబడి వాలెస్‌ను దూషిస్తూ ఉత్తరాలు రాశాడు. ఆ దూషణకు జైలుశిక్ష కూడా అనుభవించాడు. పందేలకు చట్టబద్ధత లేదన్న కారణంతో, డబ్బు చేతులు మారకముందే హాంప్‌డెన్ తన సొమ్ము వెనక్కు కోరాడు కనుక, దాన్ని తిరిగి ఇవ్వవలసిందేనని 1876లో న్యాయస్థానం తీర్పునిచ్చింది. న్యాయస్థానం నిర్ణయించింది సొమ్ము ఎవరిదన్నదే కాని భూమి ఆకారం కాదు. అయినా వాలెస్‌కు మిగిలింది ఖర్చు, మనస్తాపం. ఆ పందెం ఒప్పుకోవడం తన జీవితంలో విచారకరమైన ఘట్టమని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు.

వాలెస్ ప్రమాణం చూపడంలో ఓడిపోలేదు. ఎదుటివాడు వాదానికి వచ్చాడో వితండానికి వచ్చాడో పరీక్షించడంలో పొరపడ్డాడు. ఏ ఫలితం వస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు అన్న ప్రశ్నకు నిజాయితీగా బదులివ్వలేని వానికి ఎన్ని రుజువులు చూపినా వృథాయే. అతని దృష్టిలో అనుకూల ఫలితం రుజువు. ప్రతికూల ఫలితం కుట్ర. ఓడిపోయే అవకాశమే లేని నమ్మకానికి గెలిచే అర్హత కూడా లేదు.

అయితే గోళపక్షం వారు కూడా అన్ని వేళలా జాగ్రత్తగా లేరు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కకట్టిన వృత్తాంతం సుప్రసిద్ధం. సయీన్ నగరంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజున, 5000 స్టేడియాల దూరంలోని అలెగ్జాండ్రియాలో నీడ వృత్తంలో యాభయవ వంతు కోణాన్ని చూపింది. కనుక భూపరిధి ఆ దూరానికి యాభై రెట్లని ఆయన గణించాడు. దీన్నే గోళత్వానికి రుజువుగా చాలామంది ఉదహరిస్తారు. ఆ ఒక్కటే చాలదు. ప్రాచీన చైనాలోని ‘జౌబీ’ గణితగ్రంథం ఇటువంటి నీడల తేడానే తీసుకొని, భూమి సమతలమన్న ప్రతిజ్ఞతో సూర్యుడు 80,000 లీల ఎత్తున ఉన్నాడని తేల్చింది. గణితం ఇద్దరిదీ సరైనదే. దూరాన ఉన్న సూర్యుడు, వంపు తిరిగిన నేల ఒక వివరణ. దగ్గర సూర్యుడు, చదునైన నేల మరొక వివరణ. రెండు నీడలు ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పలేవు. వేరొక సాక్ష్యం కావాలి. సూర్యుడు దగ్గరగా ఉండి దూరంగా జరుగుతున్నట్లయితే సాయంవేళకు బింబం చిన్నదై కనిపించాలి. అది ఎన్నడూ దిగంతం కిందికి దిగకూడదు. కాని అస్తమించే సూర్యబింబం వెడల్పు మధ్యాహ్నపు బింబం వెడల్పే. అది అడుగుభాగం నుంచి క్రమంగా మునుగుతుంది. ఇలా ఒక వివరణను నిలిపి మరొక వివరణను తొలగించగలిగినదే నిజమైన రుజువు.

సంఖ్యాబలం, పాండిత్యబలం కూడా రుజువులు కావు. 499లో ‘ఆర్యభటీయం’ రచించిన ఆర్యభటుడు భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్నాడు. పడవలో సాగేవానికి ఒడ్డున ఉన్న వస్తువులు వెనక్కు పోతున్నట్లు తోచే విధంగా, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు తోస్తాయని వివరించాడు. తాటిచెట్ల ప్రశ్నతో గోళత్వాన్ని అంత చక్కగా సమర్థించిన లల్లుడే ఈ విషయంలో ఆర్యభటుని కాదన్నాడు. భూమి తిరుగుతుంటే ఆకాశానికి ఎగిరిన పక్షులు తమ గూళ్ళకు ఎలా చేరగలవని ఆయన ఆక్షేపం. ఆనాటికి అది సమంజసమైన ప్రశ్నే. గాలి, పక్షి, గూడు అన్నీ భూమితో పాటు కదులుతాయన్న అవగాహన అప్పటికి రాలేదు. ఒకే పండితుడు ఒకచోట సత్యాన్ని పట్టుకొని మరొకచోట జారవిడిచాడు. అందువల్ల ఎవరు చెప్పారన్నదాని కంటె ఏ హేతువుతో చెప్పారన్నది ముఖ్యం.

శబ్దప్రమాణాన్ని తీసిపారేయాలని దీని తాత్పర్యం కాదు. ఏ మానవుడూ అన్నీ స్వయంగా పరీక్షించలేడు. కాని ఆప్తుడు చెప్పిన మాటే శబ్దప్రమాణమని శాస్త్రం నియమం పెట్టింది. ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పేవాడు ఆప్తుడు. నవ్వే వారిలో కూడా ఈ నియమాన్ని మరచేవారున్నారు. కొలంబస్ కాలానికి యూరపు పండితులంతా భూమి బల్లపరుపని నమ్మేవారని నేటికీ చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. అప్పటి విద్యావంతులకు గోళమని తెలుసు. వారి వివాదమంతా సముద్రం ఎంత దూరమన్నదే. 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రచించిన జీవితచరిత్రలోని కల్పన ఈ కథకు ప్రచారం కల్పించింది. ఇతరుల అజ్ఞానాన్ని పరిహసిస్తూ రుజువు లేని కథను ప్రచారం చేయడం ఎంతటి విడ్డూరం!

సత్యం కోసం చేసే వాదం ఎలా ఉంటుందో పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు చూపింది. భూమి ధ్రువాల వద్ద నొక్కుకొని ఉందని న్యూటన్ గణించాడు. కాదు, ధ్రువాల వైపు సాగి ఉందని ఫ్రాన్సులోని కస్సినీ వంశీయులు కొలతలు చూపారు. ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు మాటలతో సరిపెట్టుకోలేదు. 1735లో పెరూ ప్రాంతానికి, 1736లో లాప్‌లాండుకు బృందాలను పంపి రేఖాంశ భాగాలను కొలిపించింది. ఫలితం ఆంగ్లేయుడైన న్యూటన్‌కే అనుకూలంగా వచ్చింది. స్వదేశీయుల సిద్ధాంతం ఓడిపోయినా పరిషత్తు సత్యాన్ని స్వీకరించింది. నేటి లెక్కల్లో భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం సుమారు 6378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6357. అంటే భూమి కచ్చితమైన గోళం కాదు. ఈ దిద్దుబాటును శాస్త్రమే కనుగొన్నది, శాస్త్రమే ప్రకటించింది.

హాంప్‌డెన్ వారసులు నేటికీ ఉన్నారు. 2018లో వెలువడిన ఒక డాక్యుమెంటరీ చిత్రంలో అమెరికాకు చెందిన కొందరు భూసమతలవాదులు ఖరీదైన గైరోస్కోపు కొని, భూమి తిరగడం లేదని నిరూపించబూనారు. అది గంటకు 15 డిగ్రీల కదలికను చూపింది. 24 గంటలకు 360 డిగ్రీలు తిరిగే భూమికి సరిగ్గా అంతే ఉండాలి! వారు ఫలితాన్ని అంగీకరించక, ఆకాశం నుంచి వచ్చే ఏవో శక్తులు పరికరాన్ని ప్రభావితం చేశాయన్నారు. 2024 డిసెంబరులో మాత్రం కొంత భిన్నమైన దృశ్యం కనిపించింది. వారి ప్రచలిత పటం ప్రకారం అంటార్కిటికాలో 24 గంటల సూర్యదర్శనం అసాధ్యం. రెండు పక్షాల వారూ కలిసి అక్కడికి వెళ్ళి చూడగా సూర్యుడు అస్తమించకుండా ఆకాశాన్ని చుట్టి వచ్చాడు. సమతలవాదులలో పేరు పొందిన ఒకరు ఆ విషయంలో తాను పొరబడ్డానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. వెళ్ళనివారిలో అనేకులు అదంతా బూటకమన్నారు. ఆ ఒక్కని అంగీకారాన్ని పరిహసించరాదు. చూడడానికి వెళ్ళి, చూసినదాన్ని ఒప్పుకున్న ఆ క్షణాన అతడు వితండం నుంచి వాదంలోకి అడుగుపెట్టాడు.

విద్యార్థికి అంటార్కిటికా యాత్ర అవసరం లేదు. ధ్రువనక్షత్రం తిరుపతిలో దిగంతానికి సుమారు 13 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. హైదరాబాదులో 17, శ్రీనగరులో 34. దక్షిణాన ప్రకాశించే అగస్త్యనక్షత్రం తిరుపతిలో 23 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. ఢిల్లీలో 9 డిగ్రీలు దాటదు. లండనులో అసలు ఉదయించదు. ఉత్తరానికి పోయినకొద్దీ ఒకటి లేస్తూ మరొకటి దిగుతుంది. కోణమాపకం, దారం, చిన్న రాయి ఉంటే ఈ ఎత్తును ఎవరైనా కొలవవచ్చు. దూరపు ఊరిలోని స్నేహితుడు అదే పని చేస్తే రెండు కొలతలనూ సరిపోల్చవచ్చు. అప్పుడు భూమి గుండ్రమన్న మాట విన్నమాటగా ఉండదు, తెలిసిన మాట అవుతుంది.

భూమి ఆకారాన్ని ఎవరు ఏమనుకున్నా భూమికి వచ్చే నష్టం లేదు. కాని ఇదే ధోరణితో ఔషధాలను గురించీ, సాటి మనుషుల శీలాన్ని గురించీ నిర్ణయాలు చేస్తే నష్టపోయేవారు మనుషులే. ఒక వదంతి చెవిన పడినప్పుడు దీనికి హేతువేమిటి, మరో వివరణ ఉందా, ఏది కనిపిస్తే ఇది తప్పని తేలుతుంది అని ప్రశ్నించుకోవడం విద్యావంతుని ధర్మం. ఆ ప్రశ్నలను ఎదుటివాని నమ్మకానికి వేసే ముందు తన నమ్మకానికి వేసుకోగలిగినవాడే వాదానికి అర్హుడు.