పెరూనుడు, పోతురాజు

స్లావుల మేఘగర్జనాధిదేవత పెరూనుడే మన పర్జన్యుడని కొందరు ఆస్తికులు సగర్వంగా చాటుతున్నారు. నామసాదృశ్యం ఆకర్షణీయమే, కాని పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఋగ్వేదంలోని పర్జన్యసూక్తాలకు ఆ సాక్ష్యంతో పనీ లేదు.

980లో కీవ్ నగరాన వ్లాదిమిరుడు ప్రతిష్ఠించిన పెరూనుని దారుమూర్తికి రజతశిరస్సు, స్వర్ణమయమైన మీసం. 988లో మతం మారిన ఆ రాజే దానిని గుర్రపుతోకకు కట్టించి, కర్రలతో కొట్టించి, ద్నీపర్ నదిలో త్రోయించాడు. ప్రజలు విలపించారని వారి పురావృత్తమే చెబుతున్నది. పిడుగుల ఆధిపత్యం మాత్రం నశించలేదు. జనవిశ్వాసంలో ఇల్యా ప్రవక్త రథానికి సంక్రమించింది.

ఆ దూరదేశపు దేవునికై ఖేదపడేవారే, ఆషాఢంలో హైదరాబాదు వీథులలో బోనాల ముందు కొరడాతో నడిచే పోతురాజును క్షుద్రదేవతగా ఈసడించడం ఏమి న్యాయం? అమ్మవారి సోదరుడైన ఆయనకు రజతశిరస్సు లేదు; పసుపు, వేపమండలే అలంకారం.