ట్యాబ్ ఇచ్చారు సరే, డౌట్ ఎవరు తీర్చాలి?

పలాస: 2022 డిసెంబర్‌లో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జూలైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదలా ఉంచితే, వీడియో పాఠం చెబుతుంది గానీ పిల్లాడు ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో చూడదు. చూసేది ట్యూషన్ మాస్టారే. తల్లి జీడి ఫ్యాక్టరీలో, తండ్రి వలసలో ఉన్న ఉద్దానం ఇంట్లో ఇంకెవరున్నారు? కిడ్నీ జబ్బున్న ఇళ్లలో డయాలసిస్‌కు తిరగడానికే డబ్బూ, పొద్దూ చాలవు. ట్యూషన్ ఫీజు ఎక్కడిది? ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ సీటు వచ్చేదేమో పదో తరగతి మార్కుల మీదే.

టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. సబబే. అలాంటప్పుడు ఆ సాయంత్రం గంటను బడిలోనే, జీతమిచ్చి పెట్టాలి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు టెక్కలిలోనూ ఉన్నారు, పలాసలోనూ ఉన్నారు.