శోకమునకు మార్కులు

డెత్-డూమ్ అను పాశ్చాత్య సంగీతమును మీలో పలువురు విని యుండరు. గిటారులు మిక్కిలి బరువుగా, విలంబముగా మ్రోగును. గాయకుడు పాడుటకు మారుగా గర్జించును. మొదట మేమును చెవులు మూసికొంటిమి. అయినను హల్లతార్ అను ఫిన్లాండు బృందమువారి రికార్డు వెనుకనున్న కథ తెలిసిన పిదప మరల వినకుండ నుండలేకపోతిమి.

దక్షిణాఫ్రికాలో జన్మించిన గాయని అలియా స్టాన్‌బ్రిడ్జ్ 2016 ఏప్రిల్‌లో కాన్సరు వ్యాధిచే మరణించెను. ఆమె జీవిత సహచరుడు యుహా రైవియో, ఆమె వ్రాసి విడిచిన కవితలను ముందిడుకొని, వారము దినములలో స్వరములు కూర్చెనట. టోమి యౌట్సెన్ గొంతునిచ్చెను. 2017లో ఆ రికార్డు ‘నో స్టార్స్ అపాన్ ది బ్రిడ్జ్’ అను పేర వెలువడెను.

విమర్శకులు పలువురు మెచ్చిరి. మెచ్చి, వాడుక చొప్పున పదింటికి ఇన్నియని మార్కులును వేసిరి. ఇది మాకు రుచింపలేదు. ఇంట చావైనపుడు శోకములు పెట్టి యేడ్చు తల్లిని శ్రుతి తప్పెనని యెవరందురు? ఆ గర్జన యేల యని యడుగుటయు నట్టిదే. అయినను, అంగడికి వచ్చిన వస్తువు గనుక, వెలకట్టువారిని నిందించుటయు న్యాయము కాదేమో!

చివరి పాట ‘డ్రీమ్స్ బర్న్ డౌన్’. అందు అలియా కంఠమే వినవచ్చును. అచటికి వచ్చునప్పటికి మేము విమర్శల మాటయే మరచితిమి.