కంప్యూటర్ ముచ్చట్లు: జల్లెడ దాటినదే అచ్చుకు



1968లో బైలాడిలా 14వ నంబరు డిపాజిట్టులో ఉత్పత్తి ఆరంభమైనది మొదలు ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ బస్తర్ కొండల నీడన కాపురముంటున్నవి. కిరందుల్, బచేలి కాలనీల పిల్లలకు సైతం ఇనుప ఖనిజపు ప్రయాణం తెలిసినదే. కొండపై త్రవ్విన రాయి ఉన్నది ఉన్నట్లుగా రైలెక్కదు. క్రషరులో నలిగి, జల్లెడపై పడి, లంప్ వేరు, ఫైన్స్ వేరు అయిన పిమ్మటనే వ్యాగనులలో విశాఖపట్నం వైపు సాగుతుంది. ఈ నెల మేము చెప్పదలచిన కంప్యూటరు సంగతికి ఆ జల్లెడయే చక్కని పోలిక.

జీతపు చీటీ, సెలవు మంజూరు ఉత్తర్వు, పదవీ విరమణ లేఖ వంటి వాటిలో మారని మాటలు కొన్ని, మనిషి మనిషికీ మారే ఖాళీలు కొన్ని ఉంటాయి. ఆ నమూనా కాగితమునే టెంప్లేటు అంటారు. ఖాళీలను నింపి లేఖను సిద్ధపరచేది టెంప్లేటు ఇంజను. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములకు ఫ్రీమార్కర్ అనునది పేరుపొందిన ఇంజను. 2018 నుండి అది అపాచీ ఫౌండేషనులో పూర్తిస్థాయి ప్రాజెక్టు. ఒకే వివరములతో హిందీ, ఇంగ్లీషు, తెలుగు లేఖలను మూడు టెంప్లేట్ల ద్వారా తీయవచ్చును. లేఖలో ఒక మాట మార్చుటకు ప్రోగ్రామును తాకనక్కరలేదు.

అయితే ఖాళీలలోకి చేరే వివరములు ఎక్కడివి? ప్రోగ్రాములో ప్రతి ఉద్యోగి ఒక ఆబ్జెక్టు. పేరు, టోకెన్ నంబరు, మూలవేతనము అందులోనే ఉంటాయి. నామినీ పేరు, వైద్య ఖర్చుల బిల్లులు కూడ అందులోనే ఉండవచ్చును. బ్యాంకు ఖాతాను మార్చుట వంటి పనులు చేసే మెథడ్లు సైతం ఉండవచ్చును. కొండ అంటే ఇదే. దీనిని మొత్తముగా టెంప్లేటుకు అప్పగించవచ్చునా?

నిజమునకు ఫ్రీమార్కర్ జావా ఆబ్జెక్టును నేరుగా చూడదు. దానికి తెలిసినవి కొన్ని రూపములే: పాఠము, సంఖ్య, తేదీ, అవును-కాదు, వరుస, పేరు చెబితే విలువనిచ్చే హ్యాష్, పిలువదగిన మెథడ్ మొదలైనవి. ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క ఇంటర్‌ఫేసు. జావా ఆబ్జెక్టుకు ఈ రూపములను తొడిగే పనిముట్టు పేరు ఆబ్జెక్టు వ్రాపరు. మన జల్లెడ ఇదే.

చిక్కు ఎక్కడనగా, మనమేమీ చెప్పనప్పుడు పనిచేసే వ్రాపరు చాలా ఉదారమైనది. ఆబ్జెక్టులోని పబ్లిక్ వివరములన్నీ టెంప్లేటుకు కనబడతాయి. పబ్లిక్ మెథడ్లను టెంప్లేటు నుండియే పిలువవచ్చును. ప్రమాదకరమని అందరికీ తెలిసిన కొన్ని మెథడ్లను మాత్రమే అది అడ్డగిస్తుంది. మన ఖాతా మార్చే మెథడ్ మనకు ప్రమాదకరమని దానికెలా తెలుస్తుంది?

చాలా ఏండ్ల క్రిందట వేరొక చోట పనిచేయు దినములలో మేము ఇటువంటి పనిముట్టుతోనే నోటీసు బోర్డుకు సెలవుల పట్టిక తయారుచేశాము. తొందరలో ఉద్యోగుల రికార్డు మొత్తమును టెంప్లేటుకు అందించాము. కొన్నాళ్ళకు టెంప్లేటు చూచుకునే మిత్రుడొకరు, పట్టిక మరింత వివరముగా ఉండవలెనని ‘సెలవుకు కారణము’ అను గడిని చేర్చారు. మరునాటి ఉదయం ఒక సోదరి అనారోగ్యం పదిమంది నడిచే వరండాలో గోడకెక్కినది. కాగితమును తీయించితిమి గాని, చదివినవారి కన్నుల నుండి తీయలేకపోతిమి. ఆ మిత్రుని తప్పు లేదు. తాళపుచెవి చేతికిచ్చినది మేమే.

అప్పటి నుండి మూడు నియమములు పాటిస్తున్నాము. మొదటిది, లేఖకు కావలసిన నాలుగు వివరములనే ఇచ్చుట. ఇందుకు హ్యాష్ ఇంటర్‌ఫేసుతో ఒక చిన్న వ్రాపరును మనమే వ్రాసుకొనవచ్చును. అది అడిగేవి రెండే పనులు: పేరు చెప్పినపుడు విలువనిచ్చుట, ఖాళీగా ఉన్నదా అన్న ప్రశ్నకు జవాబిచ్చుట. అనుమతి లేని పేరు అడిగితే విలువ దొరకదు. మరొక ఏర్పాటు చేయనిచో ఫ్రీమార్కర్ తప్పు చూపి ఆగిపోతుంది. ఆ తప్పు గోడకెక్కక ముందే మన కంట పడుతుంది.

రెండవది, సిద్ధముగా ఉన్న వ్రాపరునే వాడవలసి వస్తే, వివరములు మాత్రమే కనబడి మెథడ్లు పిలువబడకుండునట్లు అమర్చుట. మూడవది, సరియైన రూపము నెంచుట. టోకెన్ నంబరును సంఖ్యగా ఇస్తే 10452 కాస్తా 10,452గా అచ్చు కావచ్చును. అది లెక్కించే సంఖ్య కాదు, గుర్తు. కనుక పాఠముగా ఇవ్వవలెను.

వీటితో పాటు, నమ్మకస్తులు కానివారిని టెంప్లేట్లు వ్రాయనీయరాదని ఫ్రీమార్కర్ కర్తలే హెచ్చరిస్తున్నారు.

కొత్త గడి కావలసినపుడెల్లా ప్రోగ్రామరు వద్దకు పోవలెనా, ఇది వృథా శ్రమ కాదా అని కొందరు అడుగవచ్చును. శ్రమయే, కాదనము. కాని ఆ ఒక్కసారి అడుగుటలోనే ‘ఇది గోడపై ఉండవలసినదేనా?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఆనాడు మమ్ములను ఎవరైనా అట్లు అడిగియుంటే ఆ సోదరి తల వంచుకొని నడువవలసి వచ్చెడిది కాదు.

ఖనిజమును వ్యాగనులోకి ఎత్తిన తరువాత జల్లించలేము. వచ్చే నెల మరొక ముచ్చటతో కలుసుకుందాము.