ఎర్రని వెలుగు – ఎవరికి మందు?

వెలుగును మందుగా వాడుట కొత్త సంగతి కాదు. పుట్టిన రెండు మూడు రోజులకే కామెర్లు కనిపించిన శిశువును నీలికాంతి క్రింద పరుండబెట్టుట నేడు పెద్ద ఆసుపత్రులలో మామూలు దృశ్యము. నడుము నొప్పికో, మోకాలి నొప్పికో ఎర్రదీపముతో కాపడము పెట్టించుకొనిన పెద్దలు మన ఇండ్లలో ఎందరో కలరు. అందువలననే కాబోలు, 'రెడ్ లైట్ థెరపీ' అను మాట సెల్‌ఫోను తెరపై కనిపించగానే మనవారు దానిని తేలికగా నమ్ముచున్నారు. మొటిమలు, ముడుతలు, జుట్టు రాలుట, కీళ్లనొప్పులు, నిద్రలేమి, స్థూలకాయము – అన్నిటికిని ఒకే దీపమట! సంతలో మూలికలమ్మువాని గంపలో కూడ ఇన్ని రోగములకు ఒకే వేరు దొరకదు. కొనుటకు ముందు కొంత విచారించుట మంచిదని మా అభిప్రాయము.

మొదట ఒక భ్రమ తొలగవలెను. కాపడపు దీపము వేరు, ఈ చికిత్స వేరు. కాపడపు దీపములో పనిచేయునది వేడి. ఈ చికిత్సలో వేడితో పని లేదు. సుమారు 630 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎర్రకాంతిని, లేదా 800 నుండి 1000 వరకు గల, కంటికి కనబడని పరారుణ కాంతిని తక్కువ మోతాదులో శరీరముపై ప్రసరింపజేయుదురు. కణములలోని మైటోకాండ్రియాలో గల సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను ఎంజైము ఈ కాంతిని గ్రహించుననియు, అందువలన కణమునకు శక్తి చేకూరి గాయము మానుట త్వరపడుననియు ఎక్కువగా వినవచ్చు వివరణ. దీనిపై శాస్త్రజ్ఞులలో చర్చ ఇంకను ముగియలేదు.

ఈ చికిత్స పుట్టుక ఒక విఫలప్రయత్నమునుండి జరిగినది. 1960లో తొలి రూబీ లేజరు వెలిగినది. కొన్ని సంవత్సరముల తరువాత బుడాపెస్టు నగరములో ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు అట్టి లేజరుతో ఎలుకలలోని కంతులను కరిగింప యత్నించెను. ఆయన పరికరమునకు అంత బలము లేదు, కంతులు కరుగలేదు. కాని వెంట్రుకలు గొరిగిన చోట అవి త్వరగా మొలిచినవి. గాయములు త్వరగా మానినవి. 1967 నాటి ఆ పరిశీలనయే నేటి వ్యాపారమంతటికి మూలము.

ప్రచారకులు నోబెల్ బహుమతిని కూడ ఇందులోనికి లాగుచుందురు. 1903లో ఆ బహుమతి పొందిన నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయను నయము చేసినది నీలి, అతినీలలోహిత కిరణములతో, ఎర్రకాంతితో కాదు. ఎర్రకాంతిని ఆయన 1893లో మశూచి రోగులకు చెప్పిన మాట నిజమే. ఫోటో స్టూడియోలోని చీకటిగదివలె ఎర్రతెరలు కట్టిన గదిలో రోగిని ఉంచినచో మచ్చలు తక్కువ పడునని ఆయన ఊహ. అక్కడ కూడ ఎరుపు మందు కాదు, తక్కిన కిరణములను ఆపు అడ్డుతెర మాత్రమే. ఆ పద్ధతి నిలువలేదు. మన పల్లెలలో 'అమ్మవారు' అనిపించుకొనిన ఆ వ్యాధి 1980 నాటికి లోకమునుండి తొలగినది టీకాలవలన.

మరి ఈ కాంతి నిజముగా పనిచేయు చోటు లేదా? ఉన్నది. ఆ చోటు ప్రకటనలలో మాత్రము కనిపించదు. తల, మెడ భాగముల క్యాన్సరుకు రేడియేషను తీసుకొను రోగుల నోటిలోపలి పొర చెడి పుండ్లు పడును. మంచినీళ్లు మ్రింగుట కూడ నరకమగును. తిండిలేక నీరసించి చికిత్సను మధ్యలో ఆపవలసినవారు కూడ ఉందురు. ఈ పుండ్లు రాకుండుటకు ఎర్రకాంతి చికిత్స తోడ్పడునని బ్రిటనులోని నైస్ సంస్థ 2018లో అంగీకరించినది. అంతర్జాతీయ నిపుణుల సంఘము 2020లో కొన్ని తరగతుల రోగులకు దీనిని సిఫారసు చేసినది. గుట్కా, ఖైనీ, చుట్ట నమలుచు కాల్చుచు గడిపిన నోళ్లు మన దేశములో కొల్లలు. ఉత్తర కోస్తాలో చుట్టను వెలిగించిన కొసను నోటిలో పెట్టుకొని అడ్డపొగ పీల్చు స్త్రీలలో అంగిటి క్యాన్సరు గురించి వైద్యులు దశాబ్దములుగా వ్రాయుచున్నారు. ఈ దీపము అవసరమైన నోరు మన పొరుగుననే ఉన్నది. వెలుగు మాత్రము ఆరోగ్యముగల చెక్కిళ్లపై పడుచున్నది. మా ఫిర్యాదంతయు ఇదియే.

మా విద్యార్థిని ఒకతె స్కాలర్‌షిప్పు డబ్బు కూడబెట్టి ఎర్రదీపముల ముసుగు కొనదలచినది. మొటిమలకు కాదు, రంగు తేలుటకట! ఎర్రకాంతి చర్మపు రంగును తెలుపు చేయునని చెప్పుటకు ఆధారము లేదు. పైగా అమెరికాలో ప్రయోగములు జరిపి 2020లో ప్రకటించిన ఫలితములను బట్టి, శ్వేతజాతివారి చర్మము చదరపు సెంటీమీటరుకు 480 జౌళ్ల వరకు తట్టుకొనగా, ముదురు చర్మము 320 జౌళ్ల వరకే తట్టుకొనినది. అనగా వారి కొలత మనకు పనికిరాదు. ఆ అమ్మాయికి రంగు గురించి చెప్పవలసినది వేరే ఎంతో ఉన్నది గాని అది మరొక వ్యాసము.

జుట్టు విషయములో కొంత మేలు కనిపించినది. 2007లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక లేజరు దువ్వెన అమ్మకమునకు అడ్డు చెప్పలేదు. అయితే పరికరమునకిచ్చు అట్టి 'క్లియరెన్సు' మందునకిచ్చు ఆమోదము వంటిది కాదని గ్రహింపవలెను. నిద్రకు, బరువుకు చెప్పు ఆధారములు బహు పలుచన.

ఇక అపాయము. ఎర్రకాంతిలో అతినీలలోహిత కిరణములు లేవు. ఎక్స్‌రేకు భయపడినట్లు దీనికి భయపడనక్కరలేదు. కంటి సంగతి మాత్రము వేరు. చైనాలో పిల్లల హ్రస్వదృష్టి పెరుగకుండుటకై రోజుకు రెండుమార్లు, మూడేసి నిముషములు ఎర్రకాంతిలోనికి చూపించు యంత్రములు వ్యాపించినవి. దృష్టిదోషపు వేగము తగ్గినదని 2022లో ఒక పరిశోధన తెలిపినది. కాని అయిదు నెలలు వాడిన పన్నెండేండ్ల బాలికకు రెండు కండ్ల రెటీనాలు దెబ్బతినిన వైనము 2023లో వైద్యపత్రికకెక్కినది. 2024 జూలై 1 నుండి అట్టి యంత్రములను అత్యంత కఠినమైన తరగతిలో రిజిస్టరు చేయనిదే అమ్మరాదని చైనా ప్రభుత్వము శాసించినది. పిల్లల కండ్లకు ఇట్టి దీపములను కంటివైద్యుని ఆజ్ఞ లేక ఇంటిలో వాడుటను మేము గట్టిగా వ్యతిరేకింతుము.

మధుమేహముతో పాదములు మొద్దుబారినవారికి మరొక మాట. చౌకదీపములలో వేడి పుట్టించునవి కూడ ఉండును. చర్మము కాలినను వారికి తెలియదు. కాలిపుండు పెరుగుచుండగా ప్రతి సాయంకాలము దాని ముందు దీపము వెలిగించి కూర్చుండుటకంటె, మరునాడే దవాఖానాకు పోయి సర్జనుకు చూపుట అవసరము. కొనితీరవలెనన్నవారు తరంగదైర్ఘ్యమెంత, చదరపు సెంటీమీటరుకు శక్తి ఎంత, ఎంత దూరమునుండి, ఎన్ని నిముషములు అని అమ్మువానిని అడుగుదురుగాక. ఈ నాలుగు సంఖ్యలు పెట్టెపై లేనిచో ఆ పెట్టెను దుకాణములోనే ఉండనిండు.