మందెరుగని రోగికి మొండి క్షయ

క్షయ మందులకు లొంగలేదనగానే 'మధ్యలో మానివేసి ఉంటాడు' అని రోగిని నిందించడం మనకు పరిపాటి. ఈ నింద అన్నివేళలా న్యాయం కాదు. 2014-16 నడుమ మనదేశంలో జరిపిన జాతీయ సర్వేలో, అంతకుముందు చికిత్సే పొందని కొత్త రోగులలో సైతం నూటికి సుమారు 22 మందిలో ఏదో ఒక మందును ధిక్కరించే సూక్ష్మక్రిములు కనిపించాయి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే ప్రధానౌషధాలు రెండింటికీ లొంగనివి దాదాపు ముగ్గురిలో ఉన్నాయి. ఏటా 20 లక్షలకు పైగా రోగులు నమోదయ్యే దేశంలో నూటికి ముగ్గురంటే ఎందరో లెక్కించండి! వారు చేసిన అపరాధమల్లా, అటువంటి క్రిములున్న మరొకరి దగ్గు తుంపరలు కలిసిన గాలిని పీల్చడమే. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమిని రెండు గంటలలో పసిగట్టే జన్యుపరీక్ష నేడున్నది. అది తొలినాడే జరగాలి. పనిచేయని మాత్రలు మింగుతున్నంతకాలం రోగి ఇంటిల్లిపాదీ ఆ గాలినే పీలుస్తుంటారు.